నెలలు నిండని బిడ్డ కళ్లు: ఆక్సిజన్ ఒక్కటే కారణమా?

కొవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకి వేలికి తగిలించే ఆక్సీమీటర్ వచ్చింది. 94 దాటితే ఊపిరి పీల్చుకున్నాం, 98 చూస్తే ధైర్యం వచ్చింది, 100 చూస్తే ఇక డోకా లేదనుకున్నాం. ఆ లెక్క మనసులో అలాగే ఉండిపోయింది. అందుకే ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) అద్దం బయట నిలబడ్డ తండ్రి లోపలి మానిటర్ మీద 100 కనబడగానే ఇంటికి ఫోన్ చేసి, "బాబు బాగున్నాడు, ఆక్సిజన్ వందకి వంద ఉంది" అని చెబుతాడు. ఆ బాబు ఏడో నెలలోనే పుట్టి, ముక్కులో గొట్టంతో ఆక్సిజన్ తీసుకుంటూ ఉంటే మాత్రం ఆ వంద మంచి అంకె కాదు. డ్యూటీ నర్సు వెంటనే వచ్చి ఆక్సిజన్ తగ్గించాల్సిన అంకె. ఎందుకంటే ఎక్కువైన ఆక్సిజన్ అలాంటి బిడ్డ కళ్లకు జబ్బు తెచ్చిపెట్టగలదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కంటికి వచ్చే ఈ జబ్బు పేరు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. డాక్టర్లు, నర్సులు ఆర్‌ఓపీ అంటారు. 2010 సంవత్సరానికి వేసిన ఒక అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 1,84,700 మంది పిల్లలకు ఏదో ఒక స్థాయిలో ఈ జబ్బు వచ్చింది. వాళ్లలో 20,000 మందికి చూపు పూర్తిగానో, చాలా వరకో పోయింది. నెలలు నిండని కాన్పుల సంఖ్యలో మన దేశమే అందరికంటే ముందుంది. 2020లో అవి 30 లక్షలు దాటాయని అంచనా. అంటే ఇది ఎక్కడో దూరదేశపు సమస్య కాదు, మన జిల్లా ఆసుపత్రుల్లో పుట్టే పిల్లల సమస్య.

ఏదైనా ఇంట్లో ఇలా జరిగినప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు, "ఆక్సిజన్ ఎక్కువ పెట్టి కళ్లు పోగొట్టారు" అంటారు. ఆసుపత్రివాళ్లు, "నెలలు తక్కువ కదండీ, మేమేం చేస్తాం" అంటారు. రెండింట్లోనూ సగం నిజమే ఉంది. ఆర్‌ఓపీకి దారితీసే కారణాలు విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. వాటిలో కొన్ని ఎవరి చేతుల్లోనూ లేనివి, కొన్ని ఆసుపత్రి చేతుల్లో ఉన్నవి, ఒకటి మాత్రం ఆసుపత్రి, కుటుంబం కలిసి పట్టుకోవాల్సింది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే అసలు ఆపగలిగింది మన కళ్ల ముందే జారిపోతోంది.

కంటి లోపల జరిగేది

రెటీనా అంటే కంటి వెనక గోడకు లోపలివైపు అంటుకుని ఉండే పల్చటి పొర. మనం చూసే ప్రతి బొమ్మా ముందు దాని మీదే పడుతుంది. గర్భంలో ఉన్న బిడ్డకు సుమారు పదహారో వారం దాకా ఆ పొరలో రక్తనాళాలే ఉండవు. ఆ తర్వాత కంటినరం మొదలయ్యే చోటి నుంచి నాళాలు పుట్టి, మెల్లగా అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు 36వ వారం నాటికి, చెవి వైపు అంచుకు దాదాపు 40వ వారానికి చేరతాయి. తొమ్మిది నెలలూ నిండి పుట్టిన బిడ్డకు ఈ పని దాదాపు కడుపులోనే అయిపోతుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డకు నాళాలు ఇంకా దారి మధ్యలో ఉంటాయి.

కాలువ కింద సేద్యం చేసే ఊళ్లవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము దగ్గరి పొలాలకు నీళ్లు ముందు అందుతాయి, శివారు పొలాలకు ఆఖర్న. కాలువ తవ్వకం సగంలో ఆగిపోయిందనుకోండి. శివారులో పైరు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఎవరూ గొడవ చేయరు. పైరు ఎదిగి నీళ్లకు కటకట మొదలయ్యాక మాత్రం ఎక్కడ పడితే అక్కడ గట్టు తెగ్గొట్టి గండ్లు పెడతారు. ఆ నీళ్లు పొలానికి చేరవు, పక్కకు పొర్లి ఉన్న గట్టును కూడా కోసేస్తాయి.

కంట్లోనూ ఇలాగే రెండు దశలు. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఆక్సిజన్ పీడనం పాదరసం కొలతలో దాదాపు 30 మిల్లీమీటర్లే. ఆ తక్కువలోనే రక్తనాళాలు చక్కగా పెరుగుతాయి, ఎందుకంటే కాస్త ఆక్సిజన్ కొరత ఉన్నప్పుడే రెటీనా కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి నాళాలను తమ వైపు పిలుచుకుంటాయి. బిడ్డ పుట్టి గాలి పీల్చుకోగానే ఆ పీడనం రెట్టింపు దాటుతుంది. పైనుంచి ఆక్సిజన్ కూడా పెడితే ఇంకా పెరుగుతుంది. ఇక పిలుపు ఆగిపోతుంది. నాళాలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, పెరిగిన వాటిలో కొన్ని మూసుకుపోతాయి కూడా. ఇది మొదటి దశ. గర్భంలో ఉండి ఉంటే 31, 32 వారాలు అయ్యుండే సమయానికి రెండోది మొదలవుతుంది. అప్పటికి రెటీనా కణాలు ఎదిగి ఆక్సిజన్ కోసం అల్లాడుతుంటాయి. అప్పుడు వీఈజీఎఫ్ ఒక్కసారిగా పొంగుతుంది. దాంతో పుట్టే కొత్త నాళాలు పెళుసువి, దారి తప్పినవి. అవి రెటీనాను వదిలి కంటి మధ్యలోని జెల్లీలోకి పెరుగుతాయి, చిట్లి రక్తం కారుతుంది, మచ్చ కడుతుంది. ఆ మచ్చ ముడుచుకుంటూ రెటీనాను గోడ నుంచి లాగేస్తుంది. లాగేసిన రెటీనాకు చూపు ఉండదు.

చెడు జరిగే రోజుకూ, దాని ఫలితం కనబడే రోజుకూ మధ్య నెల, నెలన్నర దూరం ఉంది. మొదటి పది రోజుల్లో ఆక్సిజన్ ఎక్కువైతే, ఇన్ఫెక్షన్ వస్తే, బరువు పెరగకపోతే, ఆ దెబ్బ బయటపడేది బిడ్డ కోలుకుని, పాలు తాగుతూ, ఇంటికి వెళ్లిపోయాక. ఈ జబ్బు విషయంలో అపార్థాలన్నీ ఈ ఎడం వల్లే వస్తున్నాయి.

ఆక్సిజన్ కథ

బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే కంటి డాక్టరు 1942లో మొదటిసారి ఈ జబ్బును వర్ణించారు. కనుపాప వెనక తెల్లటి పొర కట్టిన పసిపిల్లలు వరసగా ఆయన దగ్గరికి రావడం మొదలైంది. విచిత్రమేమిటంటే జబ్బు ఎక్కువగా కనబడింది మంచి వసతులున్న ఆసుపత్రుల్లోనే. కొత్తగా వచ్చిన ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు, నీలంగా ఉన్న బిడ్డ గులాబీ రంగుకు వస్తే అదే వైద్యం గెలిచినట్టు లెక్క. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరు, ఆక్సిజన్ ఉదారంగా వాడే చోటునూ, పొదుపుగా వాడే చోటునూ పోల్చి చూసి, తప్పు ఆక్సిజన్‌లో ఉందేమోనని రాశారు. 1950ల తొలినాళ్లకు ప్రపంచంలో దాదాపు 10,000 మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారని లెక్క. 1950లో అమెరికాలో ఆరు వారాల ముందు పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ కూడా వాళ్లలో ఒకరు.

వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ ఈ విషయం తేల్చడానికి కొందరు పిల్లలకు ఎక్కువ, కొందరికి తక్కువ ఆక్సిజన్ ఇస్తూ ప్రయోగం చేస్తుంటే, తక్కువ ఇచ్చిన పిల్లల్ని చూసి తట్టుకోలేక కొందరు నర్సులు రాత్రిపూట ఆక్సిజన్ తిప్పేసేవారట. ప్రేమతోనే చేశారు. ఆ రోజుల్లో ఎవరికైనా అదే తోచేది. 1953లో మొదలైన 18 ఆసుపత్రుల ఉమ్మడి పరిశోధనతో అనుమానం తీరిపోయింది: ఆక్సిజన్ తగ్గిస్తే జబ్బు బాగా తగ్గుతోంది.

ఇక్కడితో కథ ముగిస్తే ఆక్సిజన్ దోషి అని తీర్పు చెప్పి లేచిపోవచ్చు. కానీ ఆ తర్వాతి ఇరవై ఏళ్లు అందరూ భయంతో ఆక్సిజన్‌ను గీచి గీచి ఇచ్చారు. ఊపిరితిత్తులు ఎదగని పిల్లలు చనిపోయారు, బతికిన వాళ్లలో కొందరికి మెదడు దెబ్బతింది. 1973లో బ్రిటన్‌కు చెందిన కెన్నెత్ క్రాస్ ఒక లెక్క వేశారు. ఒక బిడ్డ చూపు కాపాడటానికి దాదాపు 16 మంది బిడ్డల ప్రాణాలు పోయాయని ఆ లెక్క సారాంశం. వైద్య చరిత్రలో ఇంతకంటే బాధ కలిగించే అంకెలు నేను ఎక్కువగా చూడలేదు.

మరి ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్నకు గట్టి జవాబు రావడానికి 2010 దాకా పట్టింది. 24 నుంచి 27 వారాల మధ్య పుట్టిన 1,316 మంది పిల్లల మీద అమెరికాలో సపోర్ట్ అనే ట్రయల్ జరిగింది. ఆక్సీమీటర్ చూపించే రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని ఒక గుంపులో 85–89 మధ్య, ఇంకో గుంపులో 91–95 మధ్య ఉంచారు. తక్కువ ఉంచిన గుంపులో తీవ్రమైన ఆర్‌ఓపీ 8.6 శాతం, ఎక్కువ ఉంచిన గుంపులో 17.9 శాతం. కానీ మరణాలు చూస్తే తక్కువ ఉంచిన గుంపులో 19.9 శాతం, ఎక్కువ ఉంచిన గుంపులో 16.2 శాతం. కళ్లా, ప్రాణమా అంటే ఏ తల్లయినా ముందు ప్రాణమే అంటుంది. కాబట్టి ఇవాళ చాలా చోట్ల ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని బిడ్డకు 90 నుంచి 95 మధ్య ఉంచుతున్నారు. కళ్లకు కొంత ముప్పు మిగులుతుందని తెలిసే ఆ గీత గీశారు. ఆ మిగిలిన ముప్పును పట్టుకోవడానికే కంటి పరీక్ష.

మళ్లీ మానిటర్ దగ్గరికి వద్దాం. 95 వరకూ ఆ అంకె నిజం చెబుతుంది. అది దాటాక రక్తంలోని హిమోగ్లోబిన్ దాదాపు నిండిపోతుంది, ఇక అంకె పైకి వెళ్లడానికి చోటు లేదు. కానీ రక్తంలో కరిగిన ఆక్సిజన్ పెరుగుతూనే ఉంటుంది. తెర మీద 99 కనబడుతున్న బిడ్డ రక్తంలో ఆక్సిజన్ పీడనం 90 ఉండొచ్చు, 250 కూడా ఉండొచ్చు. యంత్రం ఆ తేడా చెప్పలేదు. అందుకని మంచి యూనిట్లలో అలారం కిందికి మాత్రమే కాదు, పైకి కూడా పెడతారు. 95 దాటితే మోగేలా. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇదంతా బయటి నుంచి ఆక్సిజన్ తీసుకుంటున్న బిడ్డకే. మామూలు గాలి పీలుస్తూ 98, 99 చూపించే బిడ్డ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక పరికరాల సంగతి. సిలిండర్‌లోంచి గానీ, గోడ పైపులోంచి గానీ వచ్చేది దాదాపు శుద్ధమైన ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో ఉండేది 21 శాతం. ఈ రెండింటినీ కావలసిన పాళ్లలో కలిపే పరికరాన్ని బ్లెండర్ అంటారు. అది ఉంటే బిడ్డకు 30 శాతమో, 40 శాతమో కొలిచి ఇవ్వొచ్చు. బ్లెండర్ లేని చోట లీటర్ల లెక్కన ఇచ్చుకుంటూ పోవడమే. 32 నుంచి 34 వారాల మధ్య పుట్టిన బిడ్డకు కాన్పు గదిలో ఊపిరి అందించాల్సి వస్తే 21–30 శాతం ఆక్సిజన్‌తో మొదలుపెట్టాలన్నది ఇప్పటి పద్ధతి. ఆ పద్ధతి పాటించాలంటే కాన్పు గదిలోనూ, బిడ్డను పెద్దాసుపత్రికి తరలించే అంబులెన్స్‌లోనూ బ్లెండర్, ఆక్సీమీటర్ ఉండాలి. ఎన్‌ఐసీయూలో ఎంత జాగ్రత్తగా ఉన్నా, దారిలో నాలుగు గంటలు నూరు శాతం ఆక్సిజన్ పెట్టి తీసుకొస్తే ఆ జాగ్రత్తకు అప్పటికే తూటు పడినట్టే.

మిగతా కారణాల ముడి

ఆక్సిజన్‌కు మించిన కారణం ఒకటుంది, అది నెలలు. ఎన్ని వారాలకు పుట్టిందన్నదే ముప్పును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయిస్తుంది. 26 వారాల బిడ్డకు అంతా సవ్యంగా జరిగినా ఆర్‌ఓపీ రావొచ్చు. ఎవరి తప్పూ లేకుండా రావొచ్చు. ఈ మాట ఆ తల్లిదండ్రులకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. పుట్టినప్పటి బరువు రెండో కొలత. మన దగ్గర ఆఖరి నెలసరి తేదీ చాలామంది తల్లులకు కచ్చితంగా గుర్తుండదు, మొదటి స్కానింగ్ ఆలస్యంగా జరుగుతుంది. అప్పుడు వారాల లెక్క నమ్మలేం, తూకం మాత్రం నమ్మొచ్చు. అందుకే మన నియమాల్లో రెండూ పెట్టారు.

పుట్టినప్పటి బరువుతో పాటు చాలా విషయం చెప్పేది ఆ తర్వాత వారం వారం పెరిగే బరువు. స్వీడన్‌లో ఆన్ హెల్‌స్ట్రోమ్ బృందం దీని మీద చాలా పని చేసింది. రక్తనాళాలు పెరగాలంటే వీఈజీఎఫ్ ఒక్కటే చాలదు, ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోను కూడా కావాలి. గర్భంలో ఉన్నప్పుడు అది దండిగా ఉంటుంది, ముందే పుట్టేస్తే పడిపోతుంది. సరైన పోషణ అంది బరువు పెరుగుతున్న బిడ్డలో మళ్లీ లేస్తుంది. బరువు పెరగని బిడ్డలో లేవదు, నాళాలు ఆగిపోతాయి, తర్వాత జరిగేది చెప్పుకున్నాం. కాబట్టి కేస్ షీట్‌లో బరువు గీత పైకి పోతోందా లేదా అన్నది కంటి గురించి కూడా కబురు చెబుతోంది. తల్లిపాలు తాగే పిల్లల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ తక్కువగా కనబడుతోందని చాలా పరిశోధనలు చెప్పాయి. బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు పిండి తెచ్చి ఇచ్చే ఆ పది మిల్లీలీటర్ల పాలు ఆకలికే కాదు.

ఇక్కడి నుంచి ముడి బిగుస్తుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి. డాక్టర్ల మాటలో సెప్సిస్. బిడ్డ ఊపిరి మధ్యమధ్యలో ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఆక్సిజన్ 70కి పడిపోతుంది, కంగారులో పెంచితే 100కి ఎగురుతుంది. స్థిరంగా ఎక్కువ ఉండటం ఎంత చెడ్డదో, ఇలా కిందికీ మీదికీ ఊగడం కూడా అంతే చెడ్డది. ఇన్ఫెక్షన్ వల్ల పాలు ఆపుతారు, బరువు తగ్గుతుంది. పదే పదే రక్త పరీక్షలకు తీసినందువల్ల, జబ్బు వల్ల రక్తం తగ్గిపోతుంది, ఎక్కించాల్సి వస్తుంది. ఎక్కించేది పెద్దవాళ్ల రక్తం. పిల్లల హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, పెద్దవాళ్లది కణాల దగ్గర సులువుగా వదిలేస్తుంది. అంటే రెటీనాకు ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ చేరుతుంది. మరి ఈ బిడ్డకు ఆర్‌ఓపీ వస్తే కారణం ఏది? ఇన్ఫెక్షనా, ఆక్సిజనా, రక్తం ఎక్కించడమా, బరువు తగ్గడమా?

పరిశోధన పత్రాల్లో "ముప్పు కారకాలు" అంటూ పదిహేను, ఇరవై పేర్ల జాబితాలు కనిపిస్తాయి: ఊపిరితిత్తుల జబ్బు, వెంటిలేటర్, గుండె దగ్గరి రక్తనాళం ఒకటి మూసుకోకపోవడం, మెదడులో రక్తస్రావం, పేగుల వాపు, రక్తంలో చక్కెర పెరగడం, కవలలు. ఆ జాబితా చదివి భయపడిన తల్లిదండ్రులకు నేను చెప్పేదొకటే. అందులో చాలావరకు బిడ్డ ఎంత జబ్బుగా ఉందో చెప్పే గుర్తులు, అన్నీ కంటిని నేరుగా దెబ్బతీసేవి కావు. కవలల సంగతి చూడండి. కవలలు ఎక్కువగా ముందే పుడతారు, తక్కువ బరువుతో పుడతారు. ఆ రెండూ లెక్కలోంచి తీసేస్తే కవలలు కావడం వల్ల ప్రత్యేకంగా పెరిగే ముప్పు చాలా పరిశోధనల్లో కనబడలేదు. సంతాన చికిత్సలతో మన ఊళ్లలో కవలల కాన్పులు పెరిగాయి కాబట్టి ఎన్‌ఐసీయూల్లో వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు, అంతే.

కారణం కానివి కూడా చెప్పుకోవాలి. వార్డులో లైట్లు, కామెర్లకు పెట్టే నీలం లైటు వల్ల కళ్లు పోయాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. అమెరికాలో పిల్లల కళ్లకు వెలుతురు తగ్గించే గాగుల్స్ పెట్టి పరీక్షించి, 1998లో ఫలితాలు ప్రచురించారు. వెలుతురు తగ్గించినా ఆర్‌ఓపీ తగ్గలేదు. గ్రహణం, దిష్టి, తల్లి తిన్న తిండి వీటికి దీనితో సంబంధమే లేదు. ఎక్కువ బాధపడేది తల్లే కాబట్టి ఈ మాట కచ్చితంగా చెప్పాలి.

తల్లి వైపు నుంచి నిజంగా పనికొచ్చేది ఒకటుంది. నొప్పులు ముందే వచ్చే సూచన కనబడితే 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, పన్నెండేసి గంటలకు ఒకటి చొప్పున నాలుగు. అవి బిడ్డ ఊపిరితిత్తుల్ని తొందరగా సిద్ధం చేస్తాయి. ఊపిరి సులువైతే ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, ఆ మేలు కంటికీ చేరుతుంది.

మన పిల్లలకు వేరే కొలత ఎందుకు

అమెరికాలో 1,500 గ్రాములు, 30 వారాలు అనే గీత పెట్టుకుని అంతకంటే చిన్న పిల్లలకే మామూలుగా కంటి పరీక్ష చేస్తారు. మన దేశంలో నియమం వేరు: 2,000 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టినా, 34 వారాల లోపు పుట్టినా ప్రతి బిడ్డకూ చెయ్యాలి. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినా, బిడ్డకు ఆక్సిజన్, ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించడం లాంటివి జరిగి ఉంటే చెయ్యాలి. ఈ తేడా ఊరికే రాలేదు. చండీగఢ్‌లోని పెద్దాసుపత్రి పీజీఐ వాళ్ల పదేళ్ల లెక్కల్లో 1,250 గ్రాములు దాటిన పిల్లల్లోనూ తీవ్రమైన ఆర్‌ఓపీ కనబడింది. విదేశీ గీతలు ఇక్కడ పెట్టుకుని ఉంటే వాళ్లలో కొందరు జారిపోయేవారు.

మూడో వెల్లువ అని దీన్ని లండన్‌లోని క్లేర్ గిల్బర్ట్ లాంటి నిపుణులు పిలుస్తున్నారు. మొదటిది 1940, 50ల్లో ఆక్సిజన్ విచ్చలవిడిగా వాడినప్పుడు వచ్చింది. రెండోది 1970ల తర్వాత సంపన్న దేశాల్లో అతి చిన్న పిల్లలు బతకడం మొదలయ్యాక. మూడోది మనలాంటి దేశాల్లో ఇప్పుడు నడుస్తున్నది. ఇక్కడ రెండూ కలిశాయి. జిల్లా జిల్లాకూ ఎస్‌ఎన్‌సీయూలు (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు) వచ్చాయి, ఒకప్పుడు చేయి జారిపోయే పిల్లలు ఇప్పుడు బతుకుతున్నారు, అది గొప్ప విజయం. కానీ ప్రాణం నిలబెట్టే ఏర్పాట్లు వచ్చినంత వేగంగా ఆక్సిజన్ కొలిచే ఏర్పాట్లు, కంటి పరీక్షలు రాలేదు. అందువల్ల మన దగ్గర 1,600, 1,700 గ్రాముల పిల్లలకు కూడా ఉధృతమైన రకం ఆర్‌ఓపీ వస్తోంది. ఈ రకం మామూలు మెట్లు ఎక్కకుండా కొద్ది రోజుల్లోనే రెటీనాను ఊడగొట్టేస్తుంది.

"ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు" అని పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు, ఎనిమిదో నెల పిల్లలే ఎక్కువ బతుకుతారు. కానీ దీనికి తిరగబడ్డ ఇంకో నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది: ఎనిమిది నెలలు నిండాయి, పావుతక్కువ రెండు కేజీలు ఉంది, ఇక ఏ పరీక్షా అక్కర్లేదని. 33 వారాల, 1,750 గ్రాముల బిడ్డ మన నియమం ప్రకారం కచ్చితంగా పరీక్ష జరగాల్సిన బిడ్డ.

ముప్పయ్యో రోజు

ఇన్ని కారణాల తర్వాత, మన దగ్గర చూపు పోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అని నేననుకునేది రెటీనాలో లేదు. అది తప్పిపోయిన తేదీ. ఆర్‌ఓపీ రావడం వేరు, దానివల్ల చూపు పోవడం వేరు. వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గని కొద్దిమందిని సమయానికి పట్టుకుంటే చాలామందికి చూపు నిలుస్తుంది.

పుట్టిన 30 రోజుల్లోపు మొదటి కంటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపు ఉన్నా రెండు, మూడు వారాలకే జరగాలి. పుట్టిన వెంటనే చూసి లాభం లేదు, అప్పటికి జబ్బు మొదలే కాదు. "పుట్టగానే కళ్లు చూశారు, బాగున్నాయన్నారు" అనే మాట అందుకే ప్రమాదకరం. రెండు నెలలకు చూస్తే కొందరికి ఆలస్యమైపోతుంది. బయటి నుంచి చూసి తెలుసుకోవడం ఎవరివల్లా కాదు, కళ్లు నల్లగా, నిండుగా, అందంగానే ఉంటాయి. కనుపాప మధ్యలో తెల్లగా కనబడటం, బిడ్డ మొహం వైపు చూడకపోవడం లాంటివి రెటీనా పూర్తిగా ఊడిపోయాక వచ్చే లక్షణాలు. అప్పుడు చేసే ఆపరేషన్ వల్ల వచ్చే చూపు చాలా తక్కువ.

ఆ ముప్పయ్యో రోజు ఎక్కడ పడుతుందో చూడండి. బిడ్డ ఇరవయ్యో రోజుకు డిశ్చార్జ్ అవుతుంది. నగలు తాకట్టు పెట్టి బిల్లు కట్టి, ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళతారు. బాలింతను, బిడ్డను పుట్టింటికి తీసుకెళతారు, అది ఇంకో జిల్లా. మూడో నెల వచ్చేదాకా గడప దాటించొద్దంటుంది నానమ్మ. డిశ్చార్జ్ కాగితంలో మందుల చీటీ కింద, టీకాల తేదీల పక్కన, ఇంగ్లిషులో మూడక్షరాలు, ఒక తేదీ ఉంటాయి. చాలాసార్లు అవి కూడా ఉండవు. బిడ్డ చక్కగా పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఇప్పుడు మళ్లీ బస్సెక్కి కళ్లు చూపించడానికి వెళ్లాలని ఎవరికి తోస్తుంది? తప్పు ఇంట్లోవాళ్ల మీద నెట్టడం తేలిక. ఆ తేదీ ఎందుకో తెలుగులో, ఎదురుగా కూర్చుని చెప్పని వాళ్లదే ఎక్కువ తప్పని నా అభిప్రాయం.

సుప్రీంకోర్టుకూ దాదాపు అలాగే అనిపించింది. 1996లో చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో 29వ వారంలో, 1,250 గ్రాముల బరువుతో ఒక పాప పుట్టింది. ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఆక్సిజన్ ఇచ్చి, బతికించి ఇంటికి పంపారు. కంటి పరీక్ష చేయించాలని చెప్పలేదు. పాప చూపు పోయింది. 2015 జులై 1న సుప్రీంకోర్టు దీన్ని నిర్లక్ష్యంగా తేల్చి దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. పరీక్ష చేయించాలని చెప్పడం, జరిగేలా చూడటం బిడ్డను చూసుకున్న ఆసుపత్రి బాధ్యత అన్న సంగతి ఆ తీర్పుతో స్పష్టమైంది.

పరీక్ష చూస్తే తల్లులకు కడుపు తరుక్కుపోతుంది, ముందే తెలిస్తే కాస్త నయం. కనుపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, రెండు మూడు సార్లు. కక్కకుండా గంట ముందు నుంచి పాలు పట్టరు. బిడ్డను గుడ్డలో గట్టిగా చుడతారు. రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ పరికరం పెట్టి, డాక్టరు తలకు కట్టుకున్న లైటుతో, చేతిలో కటకంతో లోపలికి చూస్తారు. అంచుల దాకా కనబడాలంటే కంటిగుడ్డును చిన్న పరికరంతో మెల్లగా నొక్కి తిప్పాలి. బిడ్డ ఏడుస్తుంది. నొప్పి తెలియకుండా నాలుక మీద చక్కెర ద్రావణమో, తల్లిపాల చుక్కలో వేస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కసారితో సరిపోదు. నాళాలు అంచుకు చేరేదాకా వారానికో, రెండు వారాలకో చూస్తూనే ఉండాలి. "మొదటిసారి బాగుందన్నారు కదా" అని ఆపేసిన పిల్లలు కూడా జారిపోతున్నారు.

మన దగ్గర దీనికి దారి వేసినవాళ్లున్నారు. 1990ల చివర్లో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్ర జలాలీ ఆధ్వర్యంలో జంట నగరాల నవజాత శిశు విభాగాలకే వెళ్లి పిల్లల కళ్లు చూడటం మొదలుపెట్టింది. బిడ్డను కంటి ఆసుపత్రికి రమ్మనడం కాకుండా కంటి డాక్టరే బిడ్డ దగ్గరికి వెళ్లడం. 2008లో కర్ణాటకలో నారాయణ నేత్రాలయ ఇంకో అడుగు వేసింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరాతో జిల్లాలకు వెళ్లి రెటీనా ఫొటోలు తీసి పంపితే, బెంగళూరులో డాక్టర్లు చూసి చెబుతారు. రెటీనా నిపుణులు నగరాల్లోనే ఉన్నంతకాలం చిన్న ఊళ్లకు ఇంతకంటే మంచి మార్గం నాకు కనబడటం లేదు.

చికిత్స అవసరమని తేలితే ఆలస్యం పనికిరాదు, 48 నుంచి 72 గంటల్లో చెయ్యాలి. ఉధృతమైన రకం అయితే ఇంకా ముందే. లేజర్‌తో నాళాలు చేరని అంచు భాగాన్ని కాలుస్తారు. అంచును వదులుకుంటే వీఈజీఎఫ్ గోల తగ్గుతుంది, మధ్యలోని అసలు చూపు నిలుస్తుంది. ఇంకో దారి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్, అది వీఈజీఎఫ్‌ను నేరుగా అణచివేస్తుంది. మధ్య భాగానికి దగ్గర్లో జబ్బు ఉన్నప్పుడు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. ఒక చిక్కుంది: మందు ప్రభావం తగ్గాక జబ్బు వారాల తర్వాతో, నెలల తర్వాతో మళ్లీ లేవొచ్చు. కాబట్టి లేజర్ చేయించుకున్న బిడ్డ కంటే ఇంజెక్షన్ తీసుకున్న బిడ్డకు ఎక్కువ కాలం పరీక్షలు జరగాలి. ఇల్లు దూరమై మళ్లీ మళ్లీ రాలేని కుటుంబమైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఏది చెయ్యాలన్న నిర్ణయంలో దానికీ పాత్ర ఉంటుంది.

ఆర్‌ఓపీ తగ్గిపోయిన పిల్లలకు, అసలు రాని నెలలు నిండని పిల్లలకు కూడా దగ్గరి చూపు మాత్రమే ఆనడం, మెల్లకన్ను, ఒక కన్ను మందగించడం మిగతా పిల్లల కంటే ఎక్కువ. ఏడాదికొకసారి కంటి డాక్టరుకు చూపించాలి, బడిలో వేసేముందు తప్పకుండా. చికిత్స జరిగిన కళ్లలో రెటీనా పెద్దయ్యాక కూడా చిరగవచ్చు. కాబట్టి ఆ ఎన్‌ఐసీయూ ఫైలు, లేజర్ కాగితాలు పారేయకండి. ఎన్ని వారాలకు పుట్టిందో, ఎంత బరువుతో పుట్టిందో, ఏ కంటికి ఏం చేశారో రాసి ఉన్న ఆ కాగితం ఇరవై ఏళ్ల తర్వాత కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా అవసరం పడుతుంది.